ఇజ్జత్ వద్దు భాయ్, బాల్ ఇవ్వండి



ఈసారి క్రికెట్ గురించి రాస్తున్నాను. క్రికెట్ అంటే పడని బెహన్లు కూడా కాస్త సబర్‌తో చదవండి. మీ ఇంట్లో కూడా 50 దాటిన ఒక మనిషి ఉంటాడు. ఇది అతని గురించి కూడా.

నాకు 53 ఏళ్లు. కుడిచేత్తో ఆఫ్ స్పిన్ వేస్తాను. ప్రతి ఆదివారం ఫజర్ నమాజు చదివి, ఇంట్లో ఎవరూ లేవకముందే చాయ్ పెట్టుకుని తాగి, కిట్ బ్యాగ్ స్కూటర్ మీద పెట్టుకుని, హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు అవతల అద్దెకిచ్చే గ్రౌండ్‌కి పోతాను. మాది 30 ఓవర్ల మ్యాచ్. ఒక్కో బౌలర్ గరిష్ఠంగా ఆరు ఓవర్లు వేయొచ్చు. గ్రౌండ్ కిరాయి, బాల్ ఖర్చు, అంపైర్ డబ్బులు పదకొండుమంది సమానంగా పంచుకుంటాం. ఈ 'సమానంగా' అనే మాట గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మా కెప్టెన్‌కి 26 ఏళ్లు. మంచి పిల్లోడు. కనపడగానే సలాం చేస్తాడు. నా బ్యాగ్ తనే మోస్తాడు. బ్రేక్‌లో మొదటి చాయ్ నాకే. "చాచా, మీరు టీమ్‌కి బర్కత్" అంటాడు. బాల్ మాత్రం ఇవ్వడు.

పోయిన ఆదివారం ఇచ్చాడు. ఎప్పుడు? 17వ ఓవర్‌లో. అవతల బ్యాట్స్‌మన్ 60 కొట్టి కుదురుకుని ఉన్నాడు. నాకు దొరికిన ఎండ్ నుంచి చూస్తే లెగ్ సైడ్ బౌండరీ దగ్గర. ఆఫ్ స్పిన్నర్‌ని కుడిచేతి వాటం వాడు కొడితే బంతి తిరిగే వైపే, అంటే లెగ్ సైడే కొడతాడు. ఇది తెలియాలంటే క్రికెట్ అకాడమీకి పోనక్కర్లేదు. "డీప్ మిడ్ వికెట్ ఒకణ్ణి, స్లిప్ ఒకణ్ణి పెట్టు బేటా" అన్నాను. "చాచా, ముందు ఒక ఓవర్ చూద్దాం" అన్నాడు.

చూశాం. మొదటి మూడు బంతులూ డాట్. నాలుగోది మిడ్ వికెట్ మీదుగా సిక్స్. ఐదోది సింగిల్. ఆరోది నిటారుగా వేశాను. అవతల ఎండ్ నుంచి వచ్చినవాడి బ్యాట్ అంచు తీసుకుని, స్లిప్‌లో ఎవరూ లేని చోటు నుంచి ఫోర్ పోయింది. ఓవర్‌కి 11 పరుగులు. కెప్టెన్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "బస్ చాచా, ఆప్ ఆరామ్ కరో" అన్నాడు. షార్ట్ ఫైన్ లెగ్‌లో నిలబెట్టాడు.

అదే మ్యాచ్‌లో 22 ఏళ్ల ఫాస్ట్ బౌలర్ మొదటి ఓవర్‌లో రెండు వైడ్లతో కలిపి 14 ఇచ్చాడు. అతనికి ఇంకా మూడు ఓవర్లు దొరికాయి. "లయ దొరకాలి కదా చాచా" అన్నారు. నిజమే, దొరకాలి. మరి నా లయ?

నేను అడిగేది ఎహసాన్ కాదు. ఇన్సాఫ్. స్లిప్ పెట్టకుండా పోయిన ఆ ఫోర్ ఎవరి ఖాతాలో రాయాలి? స్కోర్ బుక్‌లో నా పేరు మీదే ఉంది. కుసూర్ మాత్రం నాది కాదు.

మన క్లబ్ క్రికెట్‌లో ఒక అబద్ధం నడుస్తోంది. 'కాన్ఫిడెన్స్ అనేది బౌలర్ ఇంటి నుంచి తెచ్చుకోవాలి. ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు' అంటారు. వయసు మళ్లిన స్పిన్నర్‌ని చూస్తే ఇంకో మాట కలుపుతారు. 'పాపం, హౌసలా పోయింది.' నేను అంటాను, పోలేదు భాయ్, తీసేసుకున్నారు. స్పిన్నర్ హౌసలాలో సగం కెప్టెన్ చేతిలో ఉంటుంది. అది అతని దగ్గర పెట్టిన అమానత్.

ఎలాగో చెప్తాను. భయం మనసులో మాత్రమే ఉండదు, వేళ్లలోకి దిగుతుంది. తర్వాతి బంతికి సిక్స్ పడితే నన్ను తీసేస్తారని తెలిసిన స్పిన్నర్ ఏం చేస్తాడు? బంతిని గాల్లో ఉంచడు. కాలు పూర్తిగా తిప్పడు, ముందు చెయ్యి తొందరగా కిందికి లాగేస్తాడు, వేళ్లతో తిప్పడానికి బదులు అరచేత్తో తోస్తాడు. బంతి ఫ్లాట్‌గా, వేగంగా, కాస్త పొట్టిగా పడుతుంది. దాంట్లో తిరుగుడు లేదు, చివర్లో కిందికి దిగడం లేదు. బ్యాట్స్‌మన్ వెనక్కి జరిగి హాయిగా పుల్ కొడతాడు. చూశారా, సిక్స్ పడుతుందనే భయమే సిక్స్ తెచ్చింది. కెప్టెన్ అంటాడు: "చెప్పాను కదా, చాచాకి ఇవాళ కుదరట్లేదు."

వయసు సంగతి కూడా దాచను. 25 ఏళ్లవాడు గ్రౌండ్‌లోకి దిగిన పది నిమిషాల్లో వేడెక్కుతాడు. నా భుజం, నా మోకాలు మొదటి ఓవర్ అయ్యేదాకా నా మాట వినవు. రెండో ఓవర్‌లో బంతి నేననుకున్న చోట పడటం మొదలవుతుంది. మూడో ఓవర్‌లో బ్యాట్స్‌మన్ పాదాలు ఎటు కదులుతున్నాయో కనిపిస్తుంది. అంటే నాకు ఒక్క ఓవర్ ఇవ్వడమంటే, మీరు కొనుక్కున్న సరుకులో అన్నిటికన్నా నాసిరకం ముక్క తిని, మిగతాది పారేయడం. ముసలి స్పిన్నర్‌కి ఒక్క ఓవర్ ఇవ్వకండి. ఇస్తే మూడు ఇవ్వండి, లేదా అసలు ఇవ్వకండి.

కొందరు అంటారు: "చాచా, ఇంటర్నేషనల్ వాళ్ల లెక్క వేరు, మన లెక్క వేరు." సరే, పెద్దవాళ్ల లెక్కే చూద్దాం.

ప్రవీణ్ తాంబే. ముంబై క్లబ్ క్రికెట్‌లో ఏళ్ల తరబడి లెగ్ స్పిన్ వేసిన మనిషి. ఐపీఎల్‌లో మొదటిసారి ఆడింది 2013లో, 41 ఏళ్ల వయసులో. అప్పటికి ఒక్క ఫస్ట్ క్లాస్ మ్యాచ్ కూడా ఆడలేదు. బాల్ చేతికిచ్చిన రాజస్థాన్ కెప్టెన్ రాహుల్ ద్రవిడ్. తర్వాతి ఏడాది కోల్‌కతా మీద తాంబే హ్యాట్రిక్ తీశాడు. ఆ మూడింట్లో మొదటి వికెట్ దేని మీద వచ్చిందో తెలుసా? వైడ్ బాల్ మీద! బ్యాట్స్‌మన్ ముందుకొచ్చి స్టంపౌట్ అయ్యాడు. మా గ్రౌండ్‌లో అయితే బంతి చేయి దాటి వైడ్ వైపు పోవడం చూడగానే తర్వాతి ఓవర్ ఎవరికివ్వాలా అని ఆలోచన మొదలయ్యేది.

ఇమ్రాన్ తాహిర్. లాహోర్‌లో పుట్టి, 30 దాటాక సౌతాఫ్రికా తరఫున ఆడటం మొదలుపెట్టాడు. 2019 ఐపీఎల్‌లో చెన్నైకి 26 వికెట్లు తీశాడు. ఆ సీజన్‌లో అందరికన్నా ఎక్కువ అవే. అప్పటికి అతనికి 40. కెప్టెన్ ధోనీ.

దిలీప్ దోషి తొలి టెస్టు ఆడింది 1979లో, 31 దాటాక. 33 టెస్టుల్లో 114 వికెట్లు. ఆస్ట్రేలియా లెగ్ స్పిన్నర్ క్లారీ గ్రిమ్మెట్ 33 ఏళ్లకి మొదలుపెట్టి 216 టెస్టు వికెట్లు తీశాడు. ఇంగ్లండ్‌కి చెందిన విల్ఫ్రెడ్ రోడ్స్ 1930లో చివరి టెస్టు ఆడేనాటికి 52 ఏళ్లు. అంటే నాకంటే ఒక్క ఏడాది చిన్న. స్పిన్ అనేది వయసు తినేసే పని కాదు. వయసుతో పండే పని.

"వాళ్లకి కోచ్‌లు ఉన్నారు, నెట్స్ ఉన్నాయి" అంటారా? అవును. మాకు ఆదివారం ఒక్కటే ఉంది. సోమవారం నుంచి శనివారం దాకా దుకాణం, దఫ్తర్, పిల్లల ఫీజులు. రోజూ నెట్స్‌లో వంద బంతులు వేసేవాడు హౌసలా అక్కడే సంపాదించుకుంటాడు. మాకు అది దొరికే చోటు మ్యాచ్ ఒక్కటే, ఇచ్చే మనిషి కెప్టెన్ ఒక్కడే. కాబట్టి ఈ లెక్క వేరైతే, కెప్టెన్ మీద జిమ్మేదారీ ఇంకా పెరుగుతుంది, తగ్గదు.

ఇక్కడిదాకా చదివి 'ముసలాయన కుర్రాళ్ల మీద పడ్డాడు' అనుకోకండి. ఇప్పుడు నా మీద నేనే పడతాను.

నాకు 29 ఏళ్లప్పుడు కర్నూల్లో మా గల్లీ టీమ్‌కి నేను కెప్టెన్‌ని. మా టీమ్‌లో ఒక లెఫ్టార్మ్ స్పిన్నర్ ఉండేవాడు. అందరం మామూ అనేవాళ్లం. దర్జీ. 50 దాటాయి. బంతి పట్టుకోవడం నాకు నేర్పింది ఆయనే. చూపుడు వేలు, నడిమి వేలు సీమ్ మీద అడ్డంగా, వెడల్పుగా పెట్టి, తాళం తిప్పినట్టు తిప్పమనేవాడు. ఒక ఆదివారం ఆయన కొడుకు పదేళ్లవాడు మొదటిసారి మ్యాచ్ చూడటానికి వచ్చాడు. మామూ మొదటి ఓవర్‌లో సిక్స్ ఇచ్చాడు. నేను దగ్గరికి పోయి, భుజం మీద చెయ్యి వేసి ఏమన్నానో తెలుసా? "బస్ మామూ, ఆరామ్ కరో."

అవే మాటలు. ఇరవై నాలుగేళ్ల తర్వాత అవే నాకు తిరిగొచ్చాయి.

ఆయన ఏమీ అనలేదు. బాల్ నా చేతిలో పెట్టి, నేను చూపించిన చోటికి పోయి నిలబడ్డాడు. తర్వాతి ఆదివారం రాలేదు. "ఈద్ దగ్గరకొచ్చింది బేటా, షేర్వానీల ఆర్డర్లు ఎక్కువున్నాయి" అన్నాడు. నమ్మాను. నమ్మడం నాకు సులువుగా ఉంది కాబట్టి నమ్మాను. ఈద్ పోయింది, ఇంకో ఈద్ వచ్చింది, ఆయన మళ్లీ గ్రౌండ్‌కి రాలేదు. ఇంతెఖాల్ అయ్యాక జనాజాకి పోయాను. బతికుండగా మాఫీ అడగలేదు.

ఆరోజు మేము గెలిచామా, ఓడామా? నాకు గుర్తు లేదు. గెలవడం కోసమే తీసేశానని అప్పుడు నా నమ్మకం. ఆ గెలుపో ఓటమో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. కొడుకు ముందు ఆయన నడిచి పోయిన తీరు మాత్రం నాకు గుర్తుంది. కాబట్టి మా కెప్టెన్ పిల్లోడి మీద నాకు గుస్సా లేదు. నేను ఇంకా పెద్ద తప్పు చేసినవాణ్ణి. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

కుసూర్ అంతా కెప్టెన్లదే కూడా కాదు. మాలాంటివాళ్లదీ ఉంది. రెండు నెలల కింద మా కెప్టెన్ ఒక షాదీకి పోయి, ఆ ఆదివారం కెప్టెన్సీ నాకిచ్చాడు. మ్యాచ్ మొదలైంది. అందరికీ ఓవర్లు పంచాను. ఎవరికి ఏ ఎండ్, ఎవరికి ఏ ఫీల్డ్, అన్నీ చక్కగా చేశాను. నా చేతికి బాల్ తీసుకోలేదు. 12వ ఓవర్ పోయింది, 18 పోయింది. 'నేనే కెప్టెన్, నేనే వేసుకుంటే ఏమనుకుంటారో' అని షర్మ్. 'సిక్స్ పడితే నన్ను నేనే తీసేసుకోవాలి కదా' అని భయం. చివరికి 19 ఏళ్ల వికెట్ కీపర్ నా దగ్గరికొచ్చి, "చాచా, ఆప్ డాలో నా, ఈ పిచ్ మీద బంతి తిరుగుతోంది" అన్నాడు. తీసుకున్నాను. నాలుగు ఓవర్లు వేశాను, 19 పరుగులిచ్చాను, ఒక వికెట్. కరిష్మా ఏమీ కాదు, మ్యాచ్ ఓడిపోయాం కూడా. కానీ ఆ నాలుగు ఓవర్లూ బంతి గాల్లోకి పోయి దిగింది.

అప్పుడు తెలిసింది. హౌసలా కెప్టెన్సీ ఓహ్దాతో రాదు. నీ చేతి నుంచి మంచి బంతి వస్తుందని ఇంకొకరు నమ్మి, ఆ నమ్మకం నోటితో చెప్తే వస్తుంది. మామూకి నేను చెప్పలేదు. నాకు ఆ పిల్లాడు చెప్పాడు.

ఇంకో గట్టి అభ్యంతరం ఉంది, దాటేయను. "చాచా ఫీల్డింగ్ చేయలేరు. పది పరుగులు అక్కడే పోతాయి." నిజం. వంగితే లేవడానికి టైమ్ పడుతుంది. డైవ్ కొట్టను, కొడితే సోమవారం దుకాణం తెరవలేను. దీనికి జవాబు రెండే. నన్ను స్లిప్‌లో పెట్టండి, అక్కడ కాళ్లకన్నా కళ్లకి పని. లేదా, నా బౌలింగ్ ఆ పది పరుగులకి సరిపోదనుకుంటే టీమ్‌లోంచి తీసేయండి. మొహం మీద చెప్పండి, బాధపడతాను గానీ తప్పు పట్టను. అది ఫైసలా. కానీ పదకొండులో ఒకడిగా పెట్టుకుని, ఫీజు సమానంగా తీసుకుని, బ్యాటింగ్ పదో నంబరు, బౌలింగ్ ఒక్క ఓవర్ అంటే అది ఫైసలా కాదు. అది బుజుర్గ్ మనిషికి వేసే ఖైరాత్. పైగా ఆ ఖైరాత్ డబ్బులు కూడా నావే.

కెప్టెన్సీ గురించి కూడా ఒక మాట. స్పిన్నర్ కెప్టెన్సీకి పనికిరాడని మనవాళ్లలో ఒక వహెమ్. ఈ మాట హైదరాబాద్‌లో నిలబడి అనడానికి సిగ్గుపడాలి. ఈ షహర్‌లో మొట్టమొదటి టెస్టు 1955లో ఫతే మైదాన్‌లో న్యూజిలాండ్‌తో జరిగింది. అప్పుడు ఇండియా కెప్టెన్ ఎవరు? మన గులాం అహ్మద్. ఆఫ్ స్పిన్నర్. 33 ఏళ్లు. 1958లో వెస్టిండీస్ మీద కాన్పూర్ టెస్టుకి మళ్లీ ఆయనే కెప్టెన్. ఆ మ్యాచ్‌లో లెగ్ స్పిన్నర్ సుభాష్ గుప్తేకి ఒకే ఇన్నింగ్స్‌లో 9 వికెట్లు పడ్డాయి, 102 పరుగులకి. ఆ టెస్టు ఇండియా ఓడిపోయింది, అది కూడా చెప్పాలి. కానీ స్పిన్నర్‌కి వంద పరుగులు పోతున్నా బాల్ లాక్కోని కెప్టెన్ అక్కడ ఉన్నాడు, తానూ స్పిన్నరే. హైదరాబాద్ 1986-87లో రంజీ ట్రోఫీ గెలిచింది. అప్పటి కెప్టెన్ ఎం.వి. నరసింహారావు. ఆయనా లెగ్ స్పిన్నరే.

స్పిన్నర్‌కి ఉన్న తజుర్బా ఏమిటంటే, దెబ్బ తిన్న తర్వాత ఏం చేయాలో ఆలోచించడం. ఫాస్ట్ బౌలర్ ఫోర్ ఇస్తే గుస్సాతో బౌన్సర్ వేస్తాడు. స్పిన్నర్ ఫోర్ ఇస్తే, ఆ ఫోర్ కొట్టినప్పుడు బ్యాట్స్‌మన్ ముందరి కాలు ఎక్కడుందో చూస్తాడు. కెప్టెన్‌కి కావాల్సింది ఈ రెండోది. ముసలివాళ్లకి కెప్టెన్సీ ఇచ్చేయమని నేను జిద్ చేయడం లేదు. మష్వరా అడగండి, అడిగినప్పుడు కనీసం ఒక్కటి అమలు చేయండి. 'చూద్దాం చాచా' అనే మాట క్లబ్ క్రికెట్‌లో అన్నిటికన్నా మర్యాదగా చెప్పే 'కుదరదు'.

ఇప్పుడు గ్రౌండ్ దాటి ఇళ్లలోకి వస్తాను. ఒక్క నిమిషమే. మన ఖాందాన్లలో పెద్దవాళ్లకి మనం చేసేది ఇదే కదా? అబ్బాజాన్‌ని దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడతాం, తాళాలు మాత్రం మన జేబులో. అమ్మీజాన్‌కి దస్తర్ఖాన్ దగ్గర మొదటి ప్లేటు పెడతాం, ఏం వండాలో అడగం. సలాములు, చేతి ముద్దులు, 'మీరు బర్కత్' అనే మాటలు. ఇజ్జత్ పేరుతో పని లాగేసుకుంటాం. పని లాగేసుకున్న మనిషి ఆరు నెలల్లో వంగిపోతాడు. అప్పుడు 'చూశావా, వయసైపోయింది' అంటాం.

కెప్టెన్లకి నేను అడిగేవి మూడే. ఒకటి, ఎన్నో ఓవర్‌లో వేయిస్తారో టాస్ ముందే చెప్పండి, భుజం సిద్ధం చేసుకుంటాం. రెండు, మా ఫీల్డ్ మాకివ్వండి, తప్పైతే మమ్మల్నే తిట్టండి. మూడు, సిక్స్ పడిన తర్వాత దగ్గరికి రాకండి. దూరం నుంచే చప్పట్లు కొట్టి, "ఔర్ ఉపర్ డాలో" అనండి. ఇంకా పైకి వేయమనండి. ఈ మూడో దానికి కెప్టెన్‌కి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

నా వయసు భాయిలకి ఒక్కటే. 'పిల్లలకివ్వండి, నాకెందుకు' అని ముందే తప్పుకోకండి. అది అణకువ కాదు, బహానా. నాకు తెలుసు, నేనూ ఆడాను ఆ నాటకం. బాల్ అడగండి. నోరు తెరిచి అడగండి.

ఇంట్లోవాళ్లు నన్ను అడుగుతారు, ఇంత బాధపడి ఎందుకు పోతావని. మా బేగం మాత్రం అడగడం మానేసింది. శనివారం రాత్రి తెల్ల ప్యాంటు తనే ఇస్త్రీ చేసి పెడుతోంది. మొన్న ఈ రాతలో సగం చదివి వినిపిస్తే ఆమె అన్నది ఇదే: "ఇది మాకు చదివి వినిపించడం ఎందుకు జీ, ఆ పిల్లాడికి చెప్పండి."

సబబే. ఈ ఆదివారం టాస్‌కి ముందు మా కెప్టెన్‌కి సలాం చేసి చెప్తాను. బ్యాగ్ నేనే మోసుకుంటాను బేటా. చాయ్ నాకు చివర్లో ఇచ్చినా పర్వాలేదు. ఎనిమిదో ఓవర్ నుంచి మూడు ఓవర్లు నావి, స్లిప్ ఒకణ్ణి పెట్టు.

ఖుదా హాఫిజ్.